ఎర్రరాయి ఎక్కడ పెట్టాలి

అనగనగా ఒక అడవి. మన అడవి కాదర్రా. సముద్రాలు దాటి పోతే ఆస్ట్రేలియా అని ఒక దేశం ఉంది, అక్కడి అడవి. అందులో పులులూ ఏనుగులూ ఉండవు. కంగారూలుంటాయి, ఈము పక్షులుంటాయి, తెల్లటి చిలకల్లాంటి కాకతువాలుంటాయి. ఇంకోటుంది, దాన్ని వాంబాట్ అంటారు. పొట్టి కాళ్ళు, గుండ్రటి ఒళ్ళు, గట్టి గోళ్ళు. నేల తవ్వుకుని బొరియలో బతుకుతుంది. ఈ కథ అలాంటి ఒక వాంబాట్‌ది. అతని పేరు గుమ్మడయ్య.

ఆ అడవి జంతువులకు ఒక ఆట ఉంది. ఫుట్‌బాల్ అనే అంటాయి గానీ మీరు టీవీలో చూసేది కాదు. మైదానం కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, బంతీ అలాగే ఉంటుంది. కాలితో తన్నొచ్చు, పిడికిలితో గుద్దొచ్చు, పట్టుకుని పరిగెత్తొచ్చు. రెండు కొసల్లోనూ నాలుగేసి గుంజలుంటాయి. నడిమి రెండు గుంజల మధ్య నుంచి బంతిని తంతే గోలు. అన్నిటికన్నా గొప్ప పని ఏమిటంటే, పైకెగిరి గాల్లో ఉన్న బంతిని ఒడిసి పట్టడం. అలా పట్టినవాళ్ళ మీదికి ఎవరూ పోకూడదు. అందరూ వెనక్కి జరిగి నిలబడాలి, వాళ్ళు నింపాదిగా గురి చూసి తన్నుకోవచ్చు.

ఎగరడంలో చెంగల్వను మించినవాళ్ళు ఆ అడవిలోనే లేరు. చెంగల్వ ఎర్ర కంగారూ. అవతలి జట్టు గుంజల ముందు నిలబడేది. బంతి వస్తోందనగానే తక్కినవాళ్ళ తలల మీదుగా లేచేది. ఆమె లేస్తే చూసేవాళ్ళంతా తలలెత్తి నిలబడిపోయేవారు. చిన్నప్పుడు ఆమె మైదానం అంచున గడ్డి మేస్తుంటే చూసి, "ఈ పిల్ల ఆడుతుంది, చూడండి" అని మొదట చెప్పింది గుమ్మడయ్యే. అప్పటి నుంచి ఆమె అతన్ని తాతా అని పిలిచేది.

జట్టులో ఎవరు ఎక్కడ ఆడాలో చెప్పేది కూడా గుమ్మడయ్యే. బల్లపరుపు బండ ఒకటుంటే దాని మీద కోడిగుడ్డు ఆకారం గీసి, పద్దెనిమిది రాళ్ళు పేర్చేవాడు. ఒక్కో ఆటగాడికి ఒక్కో రాయి. నల్లరాళ్ళు, బూడిదరాళ్ళు, మచ్చలరాళ్ళు. ఒక్కటే ఎర్రరాయి. అది చెంగల్వది. ఏళ్ళ తరబడి ఆ ఎర్రరాయి గుంజల ముందు నుంచి కదల్లేదు.

ఆ ఏడు ఏమైందో ఏమో, చెంగల్వ ఆట తగ్గింది. చేతికందిన బంతి జారిపోయింది. నిలువెత్తు ఎగరాల్సిన చోట మూరెడు ఎగిరింది. ఒక ఆట అలా పోయింది, రెండో ఆటా అలాగే పోయింది. ఇంక చూడండి, అడవిలో తలా ఒక మాట. నిన్నటి దాకా నెత్తిన పెట్టుకున్నవాళ్ళే ఈ రోజు దాని పని అయిపోయిందన్నారు. బంతి ముట్టనివాడు కూడా ఆమె ఎలా ఆడాలో చెప్పాడు. అదేం జబ్బో, ఆడేవాళ్ళకంటే చూసేవాళ్ళకే ఎక్కువ తెలుసు.

ఎండాకాలం ముందు ఏటికి అవతలి జంతువులతో పెద్ద ఆట ఉంది. అందుకని మూడు రోజుల ముందు అందరూ బండ దగ్గర చేరారు. ఎర్రరాయి ఎక్కడ పెట్టాలి? అదీ చర్చ.

కాకతువా తురాయి ముందు మాట్లాడాడు. తురాయికి నోరెక్కువ, నిజమే. కానీ ఆటంతా పైనుంచి చూసేవాడు. చెంగల్వను వెనక్కి పంపండి, మన గుంజల కాపలా పెట్టండి అన్నాడు. బంతి ఎక్కడ పడుతుందో ఆమె కళ్ళు అందరికంటే ముందే కనిపెడతాయని, వెనక ఆడేవాళ్ళకు కావలసింది అదేనని, అక్కడైతే మాటిమాటికీ ఎగరక్కర్లేదని చెప్పాడు. ఆట మధ్యలో గుమ్మడయ్య కబుర్లు ఆటగాళ్ళకు మోసుకుంటూ మైదానమంతా పరిగెత్తే ఈము జంగమ్మ, చెంగల్వను నడిమికి తెస్తే నయమంది. బంతి నాలుగు సార్లు తగిలితే పిల్లకు ధైర్యం వస్తుందని ఆమె లెక్క.

గుమ్మడయ్యకు ఒళ్ళు మండింది. ఆ పిల్లను వెతికి తెచ్చింది తను. ఆ చోటు ఇచ్చింది తను. ఇప్పుడు చెట్టు మీద కూర్చునే పక్షి తనకు చెప్పడమా? ఒంట్లో ఏ లోపమూ లేదు, మనసే చెదిరింది, ఇంకో నాలుగు సార్లు ఎగిరితే అదే కుదురుకుంటుంది అన్నాడు. తురాయి ఇంకేదో అనబోయాడు. గుమ్మడయ్య పంతం పట్టేశాడు. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అన్నట్టు, ఎర్రరాయిని తీసి గుంజల ముందు టక్కున పెట్టాడు.

"చెంగల్వ ముందే ఆడుతుంది. నా మాట తప్పయితే ఇంక ఈ రాళ్ళు ముట్టను" అన్నాడు.

అంత పెద్ద మాట అన్నాక ఎవరేమంటారు? అందరూ ఎవరి దారిన వాళ్ళు పోయారు. చెంగల్వ దూరంగా నిలబడి అన్నీ వింది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు.

ఇప్పుడు ఒక సంగతి చెప్పాలి, జాగ్రత్తగా వినండి. గుమ్మడయ్య బొరియ మైదానం అంచునే ఉంది. పైన ఎవరు నడిచినా కింద అతనికి వినబడుతుంది. చెంగల్వ రోజూ తెల్లవారగానే వచ్చి ఎగరడం అభ్యాసం చేసేది. ఎగిరి దిగితే రెండు పాదాలూ ఒక్కసారే నేలను తాకేవి. ధబ్. మళ్ళీ ధబ్. ఆ చప్పుడుతోనే గుమ్మడయ్యకు రోజూ తెల్లవారేది.

మర్నాడు పొద్దున ఆ చప్పుడు వేరేగా వినబడింది. ధ-ధబ్. ఒక పాదం ముందు, ఒక పాదం తర్వాత. వాన పడి నేల మెత్తగా ఉందేమో అనుకుని గుమ్మడయ్య అటు తిరిగి పడుకున్నాడు. వాన పడి నెల దాటిందని అతనికి తెలుసు.

రెండో రోజు మళ్ళీ అంతే. ధ-ధబ్. ఈసారి లేచి పైకొచ్చాడు. ఆమెకు కనబడకుండా గడ్డి చాటున నిలబడి చూశాడు. చెంగల్వ ఎగరడం ఆపి నిలబడి ఉంది. కుడికాలు నేలకు ఆనీ ఆనకుండా పెట్టి, బరువంతా తోక మీద మోపింది. ఒంట్లో బాగున్న కంగారూ అలా నిలబడదు.  ఇంత ముసలి వాంబాట్‌కు ఆ మాత్రం తెలియదా? తెలిసింది. ఇది మనసు చెదరడం కాదు, కాలు చెడడం. తురాయి చెప్పినట్టు వెనక పెట్టినా సరిపోదు, అసలు ఆడనివ్వకూడదు.

బండ దగ్గరికి పోదామని నాలుగడుగులు వేశాడు. దారిలో తురాయి గొంతు వినబడింది. ఎవరితోనో నవ్వుతున్నాడు. నవ్వు తన గురించే అనుకున్నాడు గుమ్మడయ్య. కాకపోవచ్చు కూడా. అందరి ముందూ అన్న మాట గుర్తొచ్చింది. ఇప్పుడు పోయి నేనన్నది తప్పని ఎలా చెప్పడం? రేపు ఈ పిల్లకాయలు కూడా నాకు నేర్పుతారు. అంతలోనే, ఒక్క ఆటేగా, ఒక్క ఆటకు ఏమవుతుందిలే అనుకున్నాడు. అలా అనుకుని వెనక్కి తిరిగాడు.

మూడో రోజే పెద్ద ఆట. ఆ పొద్దున చప్పుడే లేదు. బొరియ గుమ్మం దగ్గర నీడ పడితే గుమ్మడయ్య తల ఎత్తి చూశాడు. చెంగల్వ వచ్చి నిలబడింది.

"తాతా, నా అడుగు నీకు కింద వినబడుతుంది కదా" అంది.

"వినబడుతుందమ్మా."

"కాలు లాగుతున్నట్టుంటోంది. నువ్వేమో ఒంట్లో ఏం లేదు, అంతా మనసే అన్నావు. నువ్వన్నావంటే అంతే అయ్యుంటుంది. కానీ ఒక్కసారి నీ నోటితో చెప్పు తాతా. నా అడుగు బాగానే ఉందా?"

చూశారా? తన కాలి నొప్పిని తనే నమ్మలేదు ఆ పిల్ల. తాత మాట నమ్మింది.

గుమ్మడయ్య నోటి దాకా వచ్చింది నిజం. బాగాలేదు తల్లీ, పో, నీడన కూర్చో అంటే అయిపోయేది. అందరి ముందూ కాస్త తల దించుకోవాల్సి వచ్చేది. అంతే కదా?

"బాగానే ఉంది" అన్నాడు గుమ్మడయ్య.

చెంగల్వ ముఖం విప్పారింది. సరే తాతా అని మైదానానికి పోయింది.

ఆట మొదలైంది. ఏటికి ఆ పక్కవాళ్ళు, ఈ పక్కవాళ్ళు, గట్టు పొడుగునా కిక్కిరిసి కూర్చున్నారు. గుమ్మడయ్య మైదానం అంచున నిలబడ్డాడు. మొదటి బంతి వచ్చింది. చెంగల్వ లేచి పట్టింది, గురి చూసి తన్నింది, గోలు. గట్టంతా హోరెత్తింది. గుమ్మడయ్య కళ్ళు గట్టు మీద లేవు, ఆమె పాదాల మీద ఉన్నాయి. రెండో బంతి వచ్చింది. మళ్ళీ పట్టింది, మళ్ళీ గోలు. దిగేటప్పుడు మాత్రం తోక ఆనించుకుని నిలదొక్కుకుంది. జంగమ్మ పరుగున వచ్చి, పిల్ల అలసినట్టుంది, బయటికి పిలవమంటావా అని అడిగింది. గుమ్మడయ్య ఇంకొక్కటి చూద్దామన్నాడు.

చివరికి రెండు జట్లూ సమంగా నిలిచాయి. ఇంకొక్క గోలు ఎవరు కొడితే వాళ్ళదే ఆట. అప్పుడొచ్చింది మూడో బంతి, చాలా ఎత్తున. చెంగల్వ లేచింది. ఆ లేవడం గురించి ఆ అడవిలో ఇప్పటికీ చెప్పుకుంటారు. నలుగురి తలల మీదుగా పోయి, రెండు చేతులా బంతిని గుండెకు అదుముకుంది. తర్వాత దిగింది.

ఆ చప్పుడు గట్టు మీద ఎవరికీ వినబడలేదు. గుమ్మడయ్యకు వినబడింది. ఒక్క పాదమే ధబ్ మంది, రెండోది విరిగింది.

అయినా చెంగల్వ బంతి వదల్లేదు. పడ్డచోటి నుంచే తోక మీద లేచి, మంచి కాలితో తన్నింది. బంతి గుంజల మధ్య నుంచి పోయింది. ఆట గెలిచారు. అంతా పరిగెత్తుకొచ్చారు, చెంగల్వ దగ్గరికి కాదు, గుమ్మడయ్య దగ్గరికి. తురాయి కూడా దిగి వచ్చి తల వంచాడు.

"నాదే తప్పు మామా. నీ మాటే నెగ్గింది" అన్నాడు.

గుమ్మడయ్య వాళ్ళందరి కాళ్ళ సందుల్లోంచి అవతలికి చూశాడు. చెంగల్వ నేల మీదే ఉంది. లేవబోయి కూలబడింది, మళ్ళీ లేవబోయి కూలబడింది.

జంగమ్మ ఆకు పసరు తెచ్చి కట్టింది. కాలు తడిమి చూసి, ఇది ఈ రోజు వచ్చింది కాదు, పాత దెబ్బ అంది. ముందే ఎవరైనా కనిపెట్టి పదిహేను రోజులు కూర్చోబెడితే మానిపోయేదట, ఇప్పుడు అతుక్కున్నా వంకరగానే అతుక్కుంటుందట. ఎవరికీ తెలియకపాయెనే అని ఆమె ముక్కు చీదుకుంది. పక్కనే నిలబడ్డ గుమ్మడయ్య నేల చూపులు చూశాడు.

కాలు అతుక్కుంది, వంకరగానే. ఇంక ఎగరడమన్నది లేదు. మీకు తెలుసు కదా, కంగారూకు ఎగరడమే నడక. ఎగరలేకపోతే మందతో పోలేదు. ఎండలు ముదిరి, గడ్డి ఎండిపోయి, మంద దూరపు పచ్చిక వెతుక్కుంటూ పోయింది. చెంగల్వ మైదానం దగ్గరే మిగిలిపోయింది. గుమ్మడయ్య రోజూ తవ్వి తవ్వి, లోపలి తడి దుంపలూ గడ్డివేళ్ళూ తెచ్చి ఆమె ముందు పెట్టేవాడు. చుట్టుపక్కలవాళ్ళు ఎంత ప్రేమో అనుకునేవారు. అది వింటే అతను గబగబా బొరియలోకి దూరిపోయేవాడు.

ఒకరోజు చెంగల్వ దుంప ముట్టకుండా అతని వైపు చూసింది.

"తాతా, నా అడుగు తేడాగా ఉందని నీకు ముందే వినబడిందా?"

ఈసారి గుమ్మడయ్య అబద్ధం చెప్పలేదు.

"వినబడింది. ఆటకు రెండు రోజుల ముందు నుంచీ వినబడుతోంది. చెబితే నా మాట పోతుందని చెప్పలేదు."

చెంగల్వ ఏడవలేదు, తిట్టలేదు. మైదానం వైపు తిరిగింది. తర్వాత ఆ దుంప తీసుకుని తింది. బతకాలి కదా మరి.

గుమ్మడయ్య ఆ రోజే బండ దగ్గరికి పోయాడు. అందరినీ పిలిచి జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఎర్రరాయిని తీసి తురాయి ముందు పెట్టి, తప్పయితే ముట్టనన్నాను, ఇంక ముట్టను అన్నాడు. ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. తిట్టి ఉంటే అతనికి కాస్త తేలిగ్గా ఉండేదేమో.

ఆ తర్వాత కూడా అతను చాలా ఏళ్ళు బతికాడు, ఆ బొరియలోనే. రోజూ తెల్లవారగానే పైన నేల మీద చప్పుడయ్యేది. ధబ్ అని ఒక అడుగు, వెనకాలే ఒక కాలు ఈడ్చుకుంటున్న చప్పుడు. చెంగల్వ అతను తెచ్చింది తినేది, అడిగిన దానికి జవాబు చెప్పేది. తాతా అని మాత్రం మళ్ళీ పిలవలేదు.

నీతి: మన మాట నెగ్గాలని తెలిసిన నిజాన్ని మింగితే, నెగ్గేది మాట ఒక్కటే; దెబ్బ తినేది మనల్ని నమ్మినవాళ్ళు.