సగం గొంగళి

కోటలో ఉదయం ఏడు గంటలు కొట్టేసరికి కొమురన్న మగ్గం గుంటలోకి దిగి గొంగళి నేత మొదలుపెట్టాడు. పది అమ్ముడైతే ఒకటి దిక్కులేని ముసలివాళ్లకు దానమివ్వాలని ఐదేళ్ల కిందటే నియమం పెట్టుకున్నాడు. ఆ చలికాలానికి ముప్ఫై పోగయ్యాయి.

ధర్మాధికారి నృసింహరావు గుమ్మంలో నిలబడి, "దానమంటే నా చేతుల మీదుగా జరగాలోయ్. అన్నీ మా ఇంటికి పంపు," అన్నాడు.

కొమురన్నకు అనుమానం వచ్చింది. కిందటేడు కంచరి ఇచ్చిన దానపు చెంబులు ఈయన బావమరిది కొట్లో తేలాయి. కాదంటే మగ్గం ఉండదు, అవునంటే ముసలివాళ్లు చలికి పోతారు.

"చిత్తం దొరా," అన్నాడు.

గొంగళి అంటే రెండు పట్టీలు నేసి నడుమ కలిపి కుట్టిందే. ఆ సాయంత్రం ముప్ఫైటికీ కుట్లు విప్పి, ఒక్కో పట్టీనే పంపాడు.

మర్నాడు అధికారి మండిపడుతూ వచ్చాడు. "సగం సగం పంపావేంరా, ఎగతాళా?"

"ఎంతమాట దొరా! మొదటి సగం మీ చేత్తో ఇవ్వండి. అది పట్టుకొచ్చిన ముసలివాళ్లకు రెండో సగం నేను కుట్టిస్తా. పుణ్యం ఇద్దరం పంచుకుందాం."

వారంలోగా ముప్ఫైమంది ముసలివాళ్లూ సగాలు పట్టుకొచ్చి కుట్టించుకుని కప్పుకుపోయారు. ఆ తర్వాతి సంతలో తెలిసింది: అధికారి బంటు మొదటి మూడు రోజులూ ఆ పట్టీలను ఊరూరా తిప్పాడట, గుర్రానికి కప్పడానికైనా ఎవరూ కొనలేదట.