చెత్తబట్టీ పక్కన రాజుగారి అంగీ

కార్తీక శుద్ధ తదియ నాడు గద్దలకొండ కింది ఊరికి అన్యాయం తలపెట్టారు. కొండను రాళ్ల కోసం తవ్వుతామనీ, కోటలోని చెత్తంతా అక్కడికే తెచ్చి, బట్టీలో ఉడికించి దీపాలకు చమురు తీస్తామనీ అధికారి విరూపాక్షయ్య ఊరందరినీ పోగేసి చెప్పాడు.

"దుమ్ము రేగదు, కంపు కొట్టదు. పూచీ నాది!"

కోట బట్టలు ఉతికే నూకాలుకు ఆ మాట మింగుడుపడలేదు. అంత మంచి బట్టీని కోట పక్కనే పెట్టుకోక, ఇంత దూరం ఎందుకు మోసుకొస్తున్నట్టు?

"చాలా సంతోషం బాబుగారూ," అంది. "రాజుగారి తెల్ల అంగీలు నేనా కొండ బండల మీదే ఆరేస్తాను. బట్టీ పెట్టాకా అక్కడే ఆరేస్తాను. తమరు పూచీ పడ్డారని రాజుగారికి చెప్పి మరీ ఆరేస్తాను."

విరూపాక్షయ్య మొహం మాడిపోయింది.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! అక్కడ ఆరేస్తే మసిగుడ్డలైపోవటే? ఇంకెక్కడైనా ఆరేసుకో!"

"అయితే రాజుగారి అంగీకి పడని గాలి మా పిల్లల ఊపిరికి పడుతుందా బాబుగారూ?"

ఊరంతా విన్నది. కరణం ఆ మాటలు ఉన్నవున్నట్టు రాసి కోటకు పంపాడు. తవ్వకమూ, బట్టీ రెండూ రద్దని రాజముద్రతో జవాబొచ్చింది. దాని మీది తేదీ కార్తీక శుద్ధ పంచమి, గురువారం.