వద్దన్న గూళ్ళ కొలువు

అనగనగా అంటే మరీ అంత పాతకాలం కాదు గానీ, పక్షులకు బేరసారాలు ఇంకా సరిగ్గా అలవాటు కాని రోజుల్లో, ఒక సెలయేటి ఒడ్డున పసిడిముక్కి అనే గోరింక ఉండేది. మాటల పుట్ట అది. చిలకతో చిలక భాష, పావురంతో పావురం భాష మాట్లాడేది. గూడు కట్టడం మాత్రం రాదు. గోరింకల్లో ఎవరికి వచ్చు గనుక? చెట్టు తొర్రలో కాపురం, అంతే. అంత మాటకారి పక్షి సిగ్గుతో నోరెత్తలేని రోజు ఎలా వచ్చిందో చెబుతాను, వినండి.

అదే ఒడ్డున నీళ్ళ మీదికి వంగిన ఈతచెట్లలో గిజిగాళ్ళు ఉండేవి. వాటి ఆచారం మీకు తెలుసో లేదో. తొలకరి పడగానే మగపక్షి గడ్డి చీలికలు తెచ్చి సగం దాకా గూడు అల్లుతుంది. అప్పుడు ఆడపక్షి వచ్చి చూస్తుంది. లోపల దూరుతుంది, ముక్కుతో లాగుతుంది, కూర్చుని ఊగుతుంది. నచ్చిందా, ఇద్దరికీ జత కుదిరినట్టే, గూడు పూర్తవుతుంది. నచ్చలేదా, ఆ గూడు సగంలోనే గాలికి ఊగుతూ ఉండిపోతుంది. మగపక్షి పాపం మళ్ళీ మొదటి నుంచీ ఇంకోటి అల్లుకోవాలి. ఇదంతా వానలు ఆగేలోగా జరగాలి. ఆగాయంటే ఆ ఏటికి పిల్లలు లేనట్టే.

ఒక ఏడు పోచయ్య అనే గిజిగాడి గూడు ఇలాగే మిగిలిపోయింది. అటుగా వచ్చిన పసిడిముక్కి దాన్ని చూసి ఆగిపోయింది. సగమే ఉన్నా ఎంత బాగుందో ఆ గూడు. అల్లిక సందుల్లోంచి వెలుతురు సన్నగా జారుతోంది.

"బాబాయ్, దీన్నేం చేస్తావు?" అని అడిగింది.

"ఏం చేస్తాను తల్లీ. వద్దందిగా. ఎండి రాలిపోతుంది," అన్నాడు పోచయ్య.

"నాకిస్తావా?"

"తొర్రలో ఉండేదానివి, నీకు గూడెందుకు?"

"చూసుకోవడానికి."

పోచయ్య నవ్వి ఇచ్చేశాడు.

పసిడిముక్కి దాన్ని ఒక ఎండుచెట్టుకు వేలాడదీసి ఊళ్ళో పక్షులన్నిటినీ పిలిచింది. "ఇందులో ఎవరుంటారు?" అంది పావురం. "ఎవరూ ఉండరు. చూడటానికే," అంది పసిడిముక్కి. చూడటానికి గూడేమిటి, దీనికి పిచ్చి ముదిరింది అని చిలకలు పడీపడీ నవ్వాయి. అలా నవ్వినవే మర్నాడు చుట్టాలను వెంటబెట్టుకుని వచ్చాయి.

అలా మొదలైంది వద్దన్న గూళ్ళ కొలువు. చూడ్డానికి వచ్చినవాళ్ళు పండో గింజో పెట్టేవాళ్ళు. అందులో సగం గూడు అల్లినవాడికి పోయేది. పసిడిముక్కి ప్రతి గూటి గురించీ ఉన్నది ఉన్నట్టు చెప్పేది. ఇది గుమ్మం ఇరుకని వద్దన్న గూడు, ఇది అడుగు పల్చనని వద్దన్న గూడు, అని. ఎవరిదగ్గరా ఏదీ దాచలేదు. అప్పట్లో దానికి దాచాల్సిన అవసరమే లేదు.

చలికాలం వలస కొంగలు దిగాయి. పుల్లలు కుప్పపోసి అదే ఇల్లనుకునే జాతి వాటిది. గాలిలో వేలాడే ఇల్లు చూసి తెల్లబోయాయి. వెళ్ళేటప్పుడు ఒకటి అడిగి పట్టుకెళ్ళాయి. మరుసటి ఏడు మంచుకొండల అవతల కొంగల దేశంలో ఒక కొలువు వెలిసింది. ఆ పై ఏడు ఎడారి పిట్టల దేశంలో ఇంకొకటి. ఆ తరవాత సముద్రం దాటి రాజహంస కొలువు నుంచే కబురొచ్చింది. పసిడిముక్కి తన పిన్ని కూతుళ్ళకూ మేనత్త కొడుకులకూ పరాయి భాషలు నేర్పి, దేశానికొకరిని నిలబెట్టింది.

ఊళ్ళు పెరిగేకొద్దీ మాటలూ పెరిగాయి. "అడుగు పల్చన" అంటే పరదేశంలో ఎవరు చూస్తారు? అందుకని దానికి "నిట్టూర్పు" అని పేరు పెట్టింది. గుమ్మం ఇరుకైనదేమో "మౌనద్వారం" అయింది. కొంగలు ఒంటికాలి మీద నిలబడి, తలలు పక్కకు వాల్చి, ఆహా అనేవి. అర్థమైందో లేదో వాటికే తెలియాలి.

ఇంతలో ఒక చిక్కొచ్చిపడింది. కొలువులో తమ లోపాలు వినీ వినీ గిజిగాళ్ళు పని దిద్దుకున్నాయి. గుమ్మాలు విశాలమయ్యాయి, అడుగులు గట్టిపడ్డాయి. ఆడపక్షులు రావడం, చూడడం, సరేననడం. వద్దన్న గూడన్నదే కరువైపోయింది. సంతోషించాల్సిన మాటే కదా? పసిడిముక్కి కూడా సంతోషించి ఉండేదే, కానీ సరిగ్గా అప్పుడే రాజహంస మళ్ళీ కబురు పంపాడు. ఈ వానల్లో మా కొలువుకూటం నిండా గూళ్ళు వేలాడాలి, అన్ని దేశాల పక్షులూ వస్తున్నాయి, అని.

పసిడిముక్కికి ముద్ద దిగలేదు. లేవని చెబితే పరువు పోతుంది. ఆలోచించి ఆలోచించి, ఒక ఆడ గిజిగాడు గూడు చూస్తుంటే పక్కకొచ్చి వాలింది. "గూడు బాగానే ఉంది గానీ, ఈ కొమ్మ నీళ్ళకి మరీ దగ్గరేమో," అంది. లోకం తిరిగినది చెబుతోంది కదా అని ఆ పక్షి ఎగిరిపోయింది. మర్నాడు ఇంకొకదాని చెవిన వేసింది, "పడమటి గాలికి ఇది ఆగుతుందంటావా?" అని. అదీ వెళ్ళిపోయింది. మొదటిసారి చెప్పేముందు ఎవరైనా వింటున్నారేమోనని అటూ ఇటూ చూసింది. రెండోసారి అంత కష్టమనిపించలేదు. అదేనండీ అసలు ప్రమాదం.

మూడోది పోచయ్య గూడు.

పోచయ్యకు వయసు మీదపడుతోంది. అందరికీ జతలు కుదురుతున్నా, అతనికి మాత్రం వరసగా రెండు వానాకాలాలు ఒంటరిగానే గడిచాయి. ఈసారి ప్రాణం పెట్టి అల్లాడు. నూకాలు అనే ఆడపక్షి వచ్చి గూడంతా కలియజూసి, లోపల కూర్చుని, లేవనే లేదు. పోచయ్య ఆనందానికి పట్టపగ్గాల్లేవు, మిగతా సగం అల్లడానికి పీచు తేవాలని చేను మీదికి ఎగిరాడు.

ఆ కాస్త వ్యవధిలో పసిడిముక్కి వచ్చింది. "నూకాలూ, తొందరపడుతున్నావేమో. ముసలివాడి అల్లిక. సగం వానల్లో తెగితే పిల్లలు ఏట్లో పడతారు. నీ మంచికే చెబుతున్నాను," అంది.

నూకాలు మొహం చిన్నబోయింది. "నువ్వు చూసినన్ని గూళ్ళు నేను చూడలేదక్కా," అని లేచి వెళ్ళిపోయింది.

పోచయ్య పీచుతో తిరిగొచ్చేసరికి గూడు ఖాళీ. ఆ సాయంత్రం తనే పసిడిముక్కి దగ్గరికి వచ్చాడు. కోపంతో కాదు. కోపంతో వచ్చినా బాగుండేది.

"తల్లీ, నాలుగు దేశాలు చూసినదానివి. నా గూట్లో లోపమేమిటో చెప్పు. దిద్దుకుంటాను."

"నీ పనికేం బాబాయ్, బంగారం," అంది పసిడిముక్కి, కళ్ళెత్తకుండా.

"మరెందుకు వద్దంది?"

"పోనిద్దూ. ఇదిగో, ఈ పండ్లు తీసుకెళ్ళు."

"నాకు పండ్లొద్దు. లోపం చెప్పు, చాలు."

నిజం నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది. "కాస్త వదులుగా అల్లావేమో," అంది.

"అంతేనా," అన్నాడు పోచయ్య. ఆ ముసలి మొహంలో మళ్ళీ ఆశ కనిపించింది. "చల్లగా ఉండు తల్లీ," అని దీవించి మరీ వెళ్ళాడు. ఆ దీవెనకు పసిడిముక్కికి తల కొట్టేసినట్టయింది. అయినా ఆ గూడును కోయించి, మిగతావాటితో పాటు సముద్రపు పక్షుల వీపున ఎక్కించింది.

రాజహంస కొలువు అంటే మాటలా! ఎక్కడెక్కడి పక్షులో వచ్చాయి. నడిమధ్యన పోచయ్య గూడు వేలాడుతోంది. చూసినవాళ్ళంతా పసిడిముక్కిని పొగిడేవాళ్ళే. పొగడ్త వినపడ్డప్పుడల్లా అది రెక్కల్లో తల దూర్చుకుంటుంటే, ఎంత వినయమో అని ఇంకాస్త పొగిడారు.

రాజహంస గూడు చుట్టూ తిరిగి చూశాడు. తెలివైన రాజు, మాటలకు పడేరకం కాదు.

"గోరింకా, ప్రతి గూటికీ ఏదో కారణం ఉంటుందట కదా. ఇందులో నాకే లోపమూ కనిపించడం లేదు. దీన్నెందుకు వద్దన్నారు?"

పసిడిముక్కికి ఎన్ని భాషలొచ్చు! అన్నిట్లోనూ వెతుక్కుంది. ఒక్క అబద్ధమూ దొరకలేదు. ఏదో ఒక పేరు చెబితే సరిపోయేదే. కానీ "చల్లగా ఉండు తల్లీ" అన్న గొంతు చెవిలో హోరెత్తుతోంది.

"వద్దనలేదు ప్రభూ. నేను వద్దనిపించాను," అంది.

రాజు కోప్పడలేదు. "అయితే ఇది మేం చూడాల్సింది కాదు. ఎవరో కాపురం చేయాల్సింది," అని మొహం తిప్పుకున్నాడు. ఒక్కో పక్షీ లేచి వెళ్ళిపోయింది. పసిడిముక్కి ఒక్కతే ఆ గూళ్ళ మధ్య మిగిలింది.

కోసిన గూడు మళ్ళీ కొమ్మకు అతకదు. అందుకని వట్టి రెక్కలతోనే సముద్రం దాటి ఇంటికొచ్చింది. వచ్చి చూస్తే ఏముంది! పోచయ్య గడ్డిని బిగించి బిగించి అల్లుతున్నాడు. ముక్కు చివర నెత్తురు చిమ్మింది. అలా బిగించిన గడ్డి ఆరగానే పటపటా తెగి, గూడు ఏట్లో పడుతోంది. అతన్ని చూసి తక్కినవాళ్ళూ అలాగే అల్లుతున్నారు. గోరింక చెప్పిందటగా మరి.

పసిడిముక్కి పోచయ్య ముందు వాలి తల వంచుకుంది. "బాబాయ్, నీ అల్లికలో లోపం లేదు. ఎప్పుడూ లేదు. నూకాల్ని భయపెట్టి పంపింది నేనే. వదులన్నది అబద్ధం. నాకు గూడు కావాలని అన్నాను."

పోచయ్య ముక్కున ఉన్న గడ్డిపోచను వదిలేశాడు. తరవాత అన్నాడు: "గూడు పోతే ఇంకోటి అల్లుకుంటాను. నా పని మీద నాకే నమ్మకం లేకుండా చేశావు. అదే నాకు కష్టంగా ఉంది."

"ఏం చేయమంటావు బాబాయ్?"

"నాకు చెప్పిన మాట అందరికీ చెప్పు. చాటుగా కాదు."

చెప్పింది. ఏ చెట్టు మీద కూర్చుని గొప్పలు చెప్పిందో ఆ చెట్టు మీదే కూర్చుని, చిలకలు వింటుండగా, పావురాలు వింటుండగా, పేరుపేరునా చెప్పింది. పరదేశాల్లో ఉన్న చుట్టాలకూ కబురంపి కొలువులు మూయించింది. కొన్ని పక్షులు తిట్టాయి. కొన్ని ఏమీ అనకుండా చూసి ఊరుకున్నాయి. తిట్టినవాళ్ళే నయమనిపించింది.

నూకాలు విని, "నువ్వేం చెప్పినా, వద్దన్నది నేనే కదక్కా. కూర్చుంటే హాయిగా ఉన్న గూటిని నీ మాట పట్టుకుని వదిలేశాను. ఈ సిగ్గు నీ ఒక్కదానిదే కాదు," అంది. తిన్నగా వెళ్ళి పోచయ్య కొమ్మ మీద వాలింది. "వదులుగానే అల్లు మామా. నేనిక్కడే ఉంటాను," అంది.

ఆఖరి వానలు దయతలచాయి. గూడు పూర్తయింది, పిల్లలయ్యాయి. పోచయ్య మనసులో ఏమీ పెట్టుకోకుండా పసిడిముక్కిని కూడా పిలిచాడు. అది వచ్చింది. పిల్లల్ని చూసి అందరూ మురిసిపోతున్నారు. పసిడిముక్కి చూపు మాత్రం పక్కనున్న రెండు కొమ్మల మీదే ఉంది. అవి ఖాళీగా ఉన్నాయి. అది మొదట చెడగొట్టిన ఆ రెండు జంటలకూ ఈ ఏటి కాలం దాటిపోయింది. మిగతావాళ్ళెవరూ అటు చూడలేదు. పసిడిముక్కి ఎంతసేపు చూసినా అక్కడ పిల్లలు లేరు.

కాబట్టి పిల్లలూ, మన లాభం కోసం ఎదుటివాళ్ళ పనిలో లేని తప్పు ఎంచకూడదు. తరవాత సిగ్గుపడి నిజం చెబితే మనసు తేలికపడుతుందేమో గానీ, వాళ్ళు పోగొట్టుకున్న కాలాన్ని మాత్రం మనం తెచ్చి ఇవ్వలేం.