వంత పలికిన రాజు

సముద్రాలకు ఆవల, పడమటి ఆఫ్రికాలో, జోలిబా నది ఒడ్డున కంబెరా అనే ఒకానొక రాజ్యం ఉండేది. ఆ రాజ్యంలో తాటాకు గ్రంథాలు లేవు, రాగిరేకుల శాసనాలు లేవు. ఎవరు ఎవరి సంతానమో, ఏ రాజు ఎవరికి ఏ మాట ఇచ్చాడో, ఏ పొలిమేర ఎక్కడ ఆగుతుందో, అంతా జేలీల కంఠాల్లో ఉండేది. జేలీ అంటే తరతరాల వృత్తాంతాన్ని తండ్రి నోట విని, కొడుక్కి అప్పగించే ఆస్థాన కథకుడు.

మాన్సా అనే బిరుదున్న దెంబా రాజుగారి కొలువులో జేలీ పేరు బురామా. సొరబుర్రకు తంతులు కట్టిన కోరా వాద్యాన్ని ఒళ్ళో పెట్టుకుని బురామా ఒక్కొక్క వాక్యం చెబితే, పక్కన కూర్చున్న తమ్ముడు ఫోదే "నాము!" అని వంత పలికేవాడు. "అవును, నిజం" అని దాని అర్థం. నాము అన్న మాట వినబడనిదే కథ ముందుకు సాగరాదు. అది ఆ దేశాచారం.

ఆ ఏడు జొన్నకోతలు ముగిసే వేళకు ఫోదే జ్వరంతో కన్నుమూశాడు. అప్పటినుంచి బురామా ఇంట్లో కోరా గోడకే వేలాడుతోంది. ఏదో ఒక పనిలో ఉండి తనలో తాను ఒక వాక్యం అనుకునేవాడు. అలవాటుగా పక్కకు తిరిగేవాడు. తిరిగి పనిలో పడేవాడు.

అంతలో పట్టాభిషేక దినోత్సవం దగ్గరపడింది. రాజుగారు బురామాను పిలిపించారు. పక్కనే మంత్రి సిరిమాన్ నిలబడి ఉన్నాడు.

"బురామా, మా వంశ మూలపురుషుడు సుంకారు కథ ఒకసారి క్లుప్తంగా చెప్పు" అన్నారు రాజుగారు.

"శత్రువులు తరుముతుంటే సుంకారు ఏటి ఒడ్డుకు వచ్చాడు, మహారాజా. జాలరులు ఆయన్ను పడవలో పడుకోబెట్టి, పైన తడి వలలు కప్పి, అవతలి ఒడ్డుకు చేర్చారు. తమ పిల్ల సీరానిచ్చి పెళ్ళి చేశారు. పీఠం ఎక్కించారు. అందుకు ఆయన, నా సంతతి ఏలినంతకాలం ఈ ఒడ్డు మీదేనని ప్రమాణం చేశాడు."

"చాలు, చాలు! నిరుడు ఈ కథ విని పొరుగున ఉన్న దాగా రాజ్యపు రాయబారి ముక్కు మూసుకున్నాడు. మా పూర్వీకుడు చేపల కింద నక్కడమేమిటి? ఈసారి తెల్లగుర్రం ఎక్కించు. నది రెండుగా చీలి దారి ఇవ్వాలి. జాలరులు ఎక్కడా కనబడకూడదు."

మంత్రి గొంతు సవరించుకున్నాడు. "కథలో జాలరులు లేకపోతే ప్రమాణమూ ఉండదు. ఆ ఒడ్డున ప్రభువులకు విహారవనం వేయించవచ్చు."

బురామాకు విషయం అర్థమైంది. ఏటి ఒడ్డున గుడిసెలు వేసుకుని బతికే జాలరులకు ఆ ఒక్క వాక్యమే పట్టా. అది పోతే వారికి నిలవనీడ ఉండదు.

"నేను చెప్పలేనంటే?"

"చెప్పగలిగే జేలీని తెప్పించుకుంటాము. నువ్వు రాజ్యం దాటి వెళ్ళవచ్చు" అన్నారు రాజుగారు.

బురామా వినయంగా వంగాడు. "చెబుతాను, మహారాజా. అయితే నా తమ్ముడు లేడు, వంత పలికేవారు కావాలి. ఇది ఎవరూ వినని కథ. దీన్ని నిజమని పలకడానికి తమకన్నా తగినవారెవరు?"

రాజుగారు మురిసిపోయారు. "మంచిది! మేమే పలుకుతాము. సభ అంతా వినేలా పలుకుతాము!"

ఉత్సవం నాడు కొలువు కిటకిటలాడింది. దాగా రాయబారి ముందు వరుసలో ఆసీనుడయ్యాడు. జాలరుల పెద్ద, తెనిన్ అనే ముసలమ్మ, తన వాళ్ళతో వెనక నిలబడింది. కంబెరాలో ఇంకొక ఆచారం ఉంది. జేలీ మూలపురుషుడితో మొదలుపెట్టి, తండ్రి వెంట కొడుకుగా ఒక్కొక్క పేరే చెబుతూ ఏలుతున్న రాజు పేరు దాకా రావాలి. తన పేరు పలికేదాకా రాజు పీఠం పక్కనే నిలబడాలి. పేరు వినబడ్డాకే కూర్చోవాలి. అప్పుడే సభ లేచి నమస్కరిస్తుంది.

బురామా కోరా తంతిని మీటాడు.

"సుంకారు తెల్లగుర్రం మీద వచ్చాడు!"

"నాము!" అన్నారు రాజుగారు, పీఠం పక్కన ఛాతీ విరుచుకుని.

"నది రెండుగా చీలింది!"

"నాము!"

"ఒడ్డున జాలరులు లేరు. పడవ లేదు. వల లేదు."

"నాము! నాము!"

వెనక జాలరులు గొల్లుమన్నారు. తెనిన్ ముసలమ్మ మాత్రం బురామా ముఖాన్నే చూస్తూ, చేయెత్తి వారిని వారించింది.

"ఆకలేస్తే అన్నం పెట్టేవారు లేరు. మహావీరుడు తానే వండుకున్నాడు, తానే గిన్నెలు కడుక్కున్నాడు."

సభలో ఎవరో కిసుక్కున నవ్వారు. "నాము" అన్నారు రాజుగారు, కొంచెం తగ్గించి.

"జాలరి పడుచు సీరా ఆయన కంటపడలేదు. ఆయన ఆమెను పెళ్ళాడలేదు!"

మంత్రి సంతోషంతో తల ఊపాడు. అది చూసి రాజుగారు హుషారుగా "నాము!" అన్నారు.

"ఒంటరిగా ఏలి, ఒంటరిగానే ముసలివాడై, గుర్రంతో సహా కన్నుమూశాడు."

"నాము!"

బురామా తంతుల మీద అరచేయి ఆనించి నాదాన్ని ఆపాడు. కోరాకు గుడ్డ చుట్టసాగాడు.

"ఏమిటిది? మా పేరు రాలేదే!" అన్నారు రాజుగారు.

"కథ అయిపోయింది, మహారాజా. తమరి తాతగారి తాతగారు పుట్టలేదు. అందువల్ల తమరూ ఇంకా పుట్టలేదు. నిజమేనని తమరే పలికారు, సభ అంతా విన్నది."

రాజుగారు పీఠం వంక చూశారు. కూర్చుందామంటే పేరు రాలేదు. పోదామంటే పట్టాభిషేక దినం. నిలబడ్డ కాళ్ళు నొప్పి పుడుతున్నాయి.

మంత్రి ముందుకు ఉరికాడు. "దానికేముంది? ఎవరో ఒక రాజకుమార్తెను తెచ్చి పెళ్ళి చేసెయ్యి!"

"చిత్తం, మంత్రివర్యా. ఏ ఇంటి రాజకుమార్తెను తేవాలో సెలవివ్వండి. ఏ ఇంటిదైతే ఆ ఇల్లు మన రాజుగారికి మేనమామల ఇల్లవుతుంది."

దాగా రాయబారి చప్పున లేచాడు. "మా ఇంటి పిల్లను ఇస్తాము! మా ప్రభువు ఎంతో సంతోషిస్తారు. మేనమామ వరస కనుక, ఇకమీదట ఏటేటా మీ రాజుగారే వచ్చి మా ప్రభువుకు మొదటి నమస్కారం చేయవచ్చు."

"వద్దు!" అని అరిచారు రాజుగారు. అరిచి, సభ వంక చూసి, గొంతు తగ్గించారు. "బురామా... ఆ పడవను ఇటు రానీ."

"పడవ ఒక్కటే రాదు, మహారాజా. వలలు వస్తాయి, వాటి వెంట చేపల వాసన వస్తుంది."

రాజుగారి పెదవి అదిరింది. కోపమేమోనని మంత్రి వెనక్కి జరిగాడు. అంతలోనే రాజుగారు పొట్ట పట్టుకుని పకపకా నవ్వారు. "రానీ, రానీ! పుట్టకుండా నిలబడడం కన్నా చేపల వాసన నయం!"

సభ అంతా నవ్వుతో దద్దరిల్లింది. బురామా గుడ్డ విప్పి, కథను మళ్ళీ మొదటినుంచి అందుకున్నాడు. శత్రువులు తరిమారు. పడవ వచ్చింది. సీరా పెళ్ళికూతురైంది. ఒక్కొక్క వాక్యానికి రాజుగారు వంత పలికారు.

"నా సంతతి ఏలినంతకాలం ఈ ఒడ్డు మీదే, అని సుంకారు ప్రమాణం చేశాడు."

ఇక్కడ వంత వినబడలేదు. మంత్రి రాజుగారి చెవి దగ్గరకు వంగబోయాడు. రాజుగారు అతణ్ణి చేత్తో పక్కకు నెట్టి, ఏటి అవతలికి వినబడేటట్టు "నాము!" అన్నారు.

పేర్ల వరస దెంబా దాకా వచ్చింది. రాజుగారు హమ్మయ్య అని పీఠం మీద చతికిలబడ్డారు. సభ లేచి నమస్కరించింది. రాజును నలుగురిలో ఎగతాళి చేసే హక్కు మేనమామల వంశానికి ఉండేది; తెనిన్ ముసలమ్మ దాన్ని వదులుకోలేదు.

"ఏం మనవడా, పుట్టావా? కాన్పు బాగా కష్టమైనట్టుందే!"

"కష్టమే, అమ్మమ్మా! మంత్రసాని బురామా గట్టివాడు గనక బతికి బయటపడ్డాను" అన్నారు రాజుగారు కళ్ళు తుడుచుకుంటూ. ఆపైన బురామా వైపు తిరిగారు. "నీకు మా తెల్లగుర్రం బహుమానం."

"దాన్ని ఇందాకే కథలో చంపేశాను, మహారాజా" అన్నాడు బురామా. "నాకు ఒక్క వాక్యం ఇప్పించండి. వంశకథలో ఒక్క వాక్యం చేర్చుకోనివ్వండి."

రాజుగారు తల పంకించారు.

బురామా కోరా సవరించుకున్నాడు. పక్కన ఖాళీగా ఉన్న చాప వంక చూసి, సభ వైపు తిరిగాడు.

"దెంబా తండ్రి ఏలిన నాడూ, దెంబా ఏలిన నాడూ, ఈ కథకు ఫోదే వంత పలికాడు."

కంబెరా రాజు పీఠం మీదినుంచి దిగి వచ్చి, ఆ చాప మీద కూర్చుని, మెల్లగా, స్పష్టంగా పలికాడు:

"నాము."