పేరిందేవి పెట్టిన పథ్యం

అనగా అనగా, రాజుల ఏనుగులు ఊళ్ల మీదుగా నడిచిపోయే కాలంలో, మునగవలస అని ఒక ఊరు. ఆ ఊళ్లో ఏ పెరడు చూసినా మునగచెట్టే. కాయలు సంతకు పోయేవి, ఆకు మేకలకు పోయేది. బాలింతలకు మాత్రం ఆ ఆకు పెట్టేవారు కాదు.

బాలింతకు అక్కడ నలభై రోజుల పథ్యం. పూటకు పిడికెడు అన్నం, వెల్లుల్లి కారం, గుక్కెడు నీళ్లు. పప్పు తింటే బిడ్డకు వాతమట. ఆకుకూర తింటే విరేచనాలట. నీళ్లు తాగితే తల్లికి పొట్ట పెరుగుతుందట. ఈ మాటలు మొదట ఎవరన్నారో ఎవరికీ తెలియదు.

ఊరూరా బాలింతలు రాలిపోతున్నారని విని ఆ దేశపు రాజు బెంగపడ్డాడు. మంత్రసానులను పిలిపించి, వైద్యుల చేత పాఠాలు చెప్పించాడు.

"ఇంటింటికీ వెళ్లండి. ఏం తినాలో నోటితో చెప్పి ఊరుకోకండి, వండి చూపించండి" అని పంపాడు.

మునగవలసకు నూకాలు అనే మంత్రసాని వచ్చింది. కుమ్మరివీధిలో పొయ్యి రాజేసి, మునగాకు వేసి పప్పు వండింది. పైడమ్మ అనే పచ్చి బాలింత భయపడుతూనే తిన్నది. బిడ్డకు ఏమీ కాలేదు సరికదా, పాలు చాలక ఏడ్చే పిల్లాడు కడుపు నిండి నిద్రపోయాడు. ఆ వీధి వాళ్లంతా పథ్యం మానేశారు.

ఆ రోజుల్లోనే ఊరిపెద్ద ఇంట్లో కోడలు వరాలు ఆడపిల్లను కన్నది. అత్త పేరిందేవికి కోడలంటే ప్రాణం. అందుకే పథ్యంలో ఒక్క మెతుకు తేడా రానివ్వలేదు.

మూడో రోజున నూకాలు వాళ్ల గుమ్మంలో నిలబడింది.

"అమ్మగారూ, బిడ్డకు పాలు రావాలంటే తల్లి కడుపునిండా తినాలి, దాహం తీరా తాగాలి."

"ఈ పథ్యం మీదే నేను ముగ్గుర్ని పెంచాను. నాకు చెప్పొచ్చావా?" అంది పేరిందేవి.

ఆమె కన్నది ఐదుగుర్ని. పోయిన ఇద్దరి మాట ఎత్తలేదు. అయ్యో, ఆ పూట ఎత్తి ఉంటే ఎంత బాగుండేది!

తొమ్మిదో రోజున నూకాలు గిన్నెలో పప్పు పట్టుకొచ్చింది.

"కుమ్మరివీధిలో వండింది మా కోడలు తింటుందా?" అని పేరిందేవి తలుపు వేసేసింది. గిన్నె అరుగు మీదే చల్లారిపోయింది.

లోపల వరాలు, "అత్తా, నాలుక పిడచకట్టుకుపోతోంది. ఒక్క చెంబు నీళ్లివ్వవూ?" అని అడిగింది.

"ఓర్చుకో తల్లీ, నీ మంచికే" అంటూ పేరిందేవి తడిగుడ్డతో కోడలి పెదవులు తుడిచింది.

ఇరవయ్యో రోజున పేరిందేవే కుమ్మరివీధికి పరుగెత్తుకొచ్చింది. వరాలికి ఒళ్లు కాలిపోతోంది, పాలు ఎండిపోయాయి, పిలిస్తే పలకడం లేదు. నూకాలు వెళ్లి చెంచాతో నీళ్లు పట్టింది. గుటక పడలేదు. పొద్దు వాలకముందే వరాలు కన్నుమూసింది.

పసిపిల్ల ఆకలితో గుక్కపట్టి ఏడుస్తోంది. నూకాలు వెంట వచ్చిన పైడమ్మ, ఎవరూ అడగకుండానే ఆ పిల్లను ఒళ్లోకి తీసుకుని పాలిచ్చింది. పిల్ల ఆత్రంగా తాగింది. ఆ పాలు ఏ తిండి వల్ల వచ్చాయో పేరిందేవికి తెలుసు.

ఆ తరువాత ఆమె నూకాలుతో కలిసి ప్రతి బాలింత ఇంటికీ తిరిగింది.

"నా కోడలికి నేను శత్రువును కాను. ప్రేమతోనే చంపుకున్నాను" అని చెప్పేది. ఆ మాట విన్నాక ఏ అత్తా మారు మాట్లాడలేదు. ఊళ్లో తల్లులు బతికారు, పిల్లలు బొద్దుగా పెరిగారు.

ఎవరైనా మెచ్చుకుంటే మాత్రం పేరిందేవి తల దించుకుని, "పదిహేడు రోజులు ఆలస్యంగా నేర్చుకున్నానమ్మా" అనేది.

కాబట్టి పిల్లలూ, మనవాళ్ల మీద ప్రేమ ఒక్కటే ఉంటే చాలదు. తెలిసినవాళ్లు గుమ్మంలోకి వచ్చి చెప్పినప్పుడు వినే మనసు కూడా ఉండాలి.