లొట్టి మెడలో ముడులు

అనగనగా ఒక రాజ్యం. అక్కడ మనిషికి మూడు తాటిచెట్ల లెక్కన చెట్లే ఎక్కువ, మనుషులు తక్కువ. ఆ రాజ్యపు తూర్పు కొసన, సంతకు పోయే బాట పక్కన, మైసయ్య అనే కల్లు గీతగాడు ఉండేవాడు.

మైసయ్యకు పదకొండు చెట్లు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఎక్కి గీసి, రోజుకు ఇరవై రెండు లొట్ల, అంటే మట్టి కుండల, కల్లు దించేవాడు. భార్య పోయి ఏడేళ్ళు. పిల్లలు లేరు. చెట్టు మీది నుంచి చూస్తే ఊళ్ళో ప్రతి ఇంటి పొయ్యి పొగా కనిపించేది, ఒక్క తన ఇంటిది తప్ప.

అయితే పొద్దు వాలేసరికి అతని పాకలో పద్నాలుగు మంది చేరేవారు. తాటాకు దొన్నెల్లో కల్లు పోసుకుని కష్టసుఖాలు చెప్పుకునేవారు. వాళ్ళ మాటలు వింటూ కూర్చోవడమే మైసయ్యకు సంసారం. అందరికన్నా ముందు వచ్చి, అందరికన్నా చివర లేచేవాడు రాజలింగు.

రాజలింగు పుట్టుగుడ్డి. ఆయన పని మోకులు పేనడం. మోకు అంటే గీతగాడు తన నడుమునూ చెట్టునూ కలిపి చుట్టుకునే తాడు. అది తెగితే మనిషి దక్కడు. అందుకే రాజలింగు ప్రతి మోకుకూ ఒక జానెడు కొస వదిలేవాడు.

"అమావాస్య అమావాస్యకూ ఈ కొసకు ఒక ముడి వెయ్యి మైసా," అనేవాడు. "పన్నెండో ముడి పడ్డాక దీంతో చెట్టెక్కకు. పైకి గట్టిగానే కనిపిస్తుంది. తాడు లోపలి నుంచి అరుగుతుంది."

ఆ ఏడాది మోకుకు నాలుగో ముడి పడింది. ఎండలు మండిపోతున్నాయి. ఒక సాయంత్రం మైసయ్య మాటల సందట్లో చెయ్యి చాపి, వెనక వరసలోని లొట్టి తీసి రాజలింగుకు పోశాడు. అది మూడు రోజుల నాటి కల్లు. రాజలింగు మొహం చిట్లించాడు. అయినా తాగేశాడు.

మూడు రోజులు ఆయన మంచం దిగలేదు. నాలుగో రోజు మైసయ్య గంజి పట్టుకుని వెళ్ళాడు.

"ఆ లొట్టి ఎప్పటిది మైసా?" అన్నాడు రాజలింగు.

"తెలియదన్నా. అన్ని లొట్లూ ఒక్కలాగే ఉంటాయి కదా."

"నోట్లో పోసుకోగానే తేడా తెలిసింది. నువ్విచ్చావు కదా అని తాగాను. నా కళ్ళు నీ దగ్గర ఉన్నాయనుకున్నాను."

"కావాలని చేయలేదన్నా."

"కావాలని చేసి ఉంటే నాలుగు తిట్టేవాణ్ణి, పోయేది. ఇప్పుడు తిట్టడానికి కూడా ఏమీ లేదు. వెళ్ళు."

గంజి గిన్నె గడప మీదే ఉండిపోయింది. ఆ సాయంత్రం పాకలో పదమూడు మందే కూర్చున్నారు. మైసయ్యకు మాత్రం పాక సగం ఖాళీ అయినట్టు తోచింది.

మర్నాడు చెట్టెక్కబోతూ మోకు కొస వైపు చూశాడు. నాలుగు ముడులు. ఒక్కొక్కటీ వేళ్ళతో తడిమాడు. గీత ముగించి దిగివచ్చి తాటాకు ఈనెలు చీల్చి, ప్రతి లొట్టి మెడకూ ఒక ఈనె చుట్టాడు. ఆనాటి లొట్టికి ఒక ముడి. తెల్లవారగానే మిగిలినదానికి రెండో ముడి. మూడో ముడి పడిందా, ఆ కల్లు మారుమాటాడకుండా నేల పాలు.

తాగేవాళ్ళు ఆ ముడులు చూశారు. "రెండు ముడులంటే నిన్నటిదా? ఇన్నాళ్ళూ మాకు నిన్నటి కల్లు పోశావా?" అన్నారు.

"అందరూ పోసేదే అన్నా. నేను చెబుతున్నాను, అంతే."

ఆ మాట ఎవరికీ రుచించలేదు. మొదటి రోజు తొమ్మిది మంది వచ్చారు. రెండో రోజు నలుగురు. మూడో రోజు ఒక ఉడుత వచ్చి, కింద పడిన చుక్కలు నాకి, వెళ్ళిపోయింది. మిగిలినవాళ్ళంతా సంతలో వీరమల్లు పాకకు నడిచారు. వీరమల్లుకు రెండు వందల చెట్లు, మూడు పాకలు. అతని లొట్లకు ముడులు లేవు. ముడులు లేవు కాబట్టి అక్కడ నిన్న అనేదే లేదు.

ఒకనాడు వీరమల్లు ఆ బాటన పోతూ ఆగాడు. "ఏమయ్యా మైసయ్యా, లొట్టికి మూడు ముళ్ళు వేస్తున్నావట. మూడు ముళ్ళు పడ్డాక ఎవరైనా ఇంట్లోకి తెచ్చుకుంటారు. నువ్వేమో బయట పారబోస్తావు. ఇక నీ ఇంట్లో సందడి ఎట్లా ఉంటుంది?" అన్నాడు. వెంట వచ్చినవాళ్ళు విరగబడి నవ్వారు.

మైసయ్య చేతిలోని ఈనెకు ముడి బిగించాడు. ఎవరి కోసం వేస్తున్నాడో ఆ మనిషి వస్తే చాలు. ఇప్పుడు రాకపోయినా, వచ్చిన రోజుకు ముడులు ఉండాలి. అదీ అతని లెక్క.

మోకుకు ఐదో ముడి పడింది. ఆరు, ఏడు, ఎనిమిది పడ్డాయి. రాజలింగు రాలేదు. మైసయ్య మాత్రం రోజూ ఆయన పేనిన తాడునే నమ్ముకుని పైకి ఎక్కాడు, దిగాడు. ఎవరూ మాట్లాడని మనిషికి చూడటం అలవాటవుతుంది. పక్షి ఎటు వాలుతుందో, మనిషి చెయ్యి ఎటు కదులుతుందో అన్నీ కనిపెట్టేవాడు.

ఈలోగా సంతలో ఒక గాజులమ్మే అవ్వ వీరమల్లును అడిగింది, "నీ లొట్లకు ముడులేవి నాయనా? ఆ తూర్పు పాకలో ఉంటాయి కదా." మరుసటి సంతకు ముగ్గురు అడిగారు. ఆపై సంతకు తొమ్మిది మంది. వీరమల్లు తిన్నగా రాజు దగ్గరికి వెళ్ళి, మైసయ్య ముడులను మాన్పించమని మొరపెట్టుకున్నాడు.

రాజు సంత రోజున, మిట్టమధ్యాహ్నం, సంత మైదానంలోనే కొలువు తీరాడు. మైసయ్యను పిలిపించారు. ముడులు మానమంటే మానాల్సిందే. మానితే రాజలింగుకు తన పాక ఎప్పటికీ ఇక గుడ్డి పాకే. ఆ దిగులుతోనే మైసయ్య కొలువు ముందు నిలబడ్డాడు.

వీరమల్లు చేతులు జోడించి మొదలుపెట్టాడు. "ప్రభూ, నీడలో పెట్టిన కల్లు రెండు రోజులున్నా బాగుంటుంది. ఎండలో పెట్టినది ఒక్క పూటకే పులుస్తుంది. మరి ముడి ఏం చెబుతుంది? ముడిని నమ్మి మంచి కల్లు పారబోస్తారు, చెడ్డ కల్లు తాగుతారు. రుచి చూడటానికి దేవుడు నాలుక ఇచ్చాడు కదా."

రాజు తల ఊపాడు. "మైసయ్యా, ఇది నిజమేనా?"

"నిజమే ప్రభూ," అన్నాడు మైసయ్య. సంత అంతా గుసగుసలు పోయింది. "ముడి రుచి చెప్పదు. రోజు మాత్రమే చెబుతుంది. మిగతాది తాగేవాడు తేల్చుకుంటాడు. కానీ ప్రభూ, నాలుక మీద పడ్డాక తెలిసి ఏం లాభం?"

రాజు వీరమల్లు వైపు తిరిగాడు. "నీ లొట్లకు గుర్తులే లేవట. అన్నీ ఒక్కటేనా?"

"ఒక్కటే ప్రభూ. ఏది తీసినా అమృతమే."

"అయితే నాకొకటి పొయ్యి. ఎండకు నోరు ఎండిపోతోంది."

పక్కనే వీరమల్లు లొట్లు ఇసకలో వరసగా నిలబెట్టి ఉన్నాయి. వీరమల్లు ఒక లొట్టి ఎత్తి, కొంచెం వంచి, కింద పెట్టేశాడు. ఇంకొకటి ఎత్తాడు, వంచాడు, అదీ పెట్టేశాడు. మూడోది ఎత్తి, వంచి, చిరునవ్వుతో రాజు ముందుకు తెచ్చాడు. రాజు తాగి, "బాగుంది. తాజాగానే ఉంది," అన్నాడు. వీరమల్లు మనుషులు ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు.

మైసయ్య మెల్లగా అన్నాడు, "ప్రభూ, ఆయన ఎత్తి పెట్టేసిన ఆ రెండు లొట్లూ ఒకసారి తెప్పిస్తారా? ఈ మూడోదానితో కలిపి తిరగేసి చూడండి."

వీరమల్లు ఆ లొట్లకు అడ్డంగా జరిగాడు.

భటులు తిరగేశారు. మొదటి లొట్టి అడుగున బొగ్గుతో మూడు గీతలు. రెండోదాని అడుగున రెండు. రాజు తాగినదాని అడుగున ఒకటే.

"గుర్తులు ఉన్నాయి ప్రభూ," అన్నాడు మైసయ్య. "మనకు కనిపించే వైపు లేవు, అంతే."

రాజు వేలితో ఆ గీతలు లెక్కపెట్టాడు. "వీరమల్లూ, గుర్తు వల్ల ఉపయోగం లేదన్నావు. మరి నాకు పోసేటప్పుడు నీకు ఎందుకు ఉపయోగపడింది?" జవాబు కోసం ఆగకుండా రాజు తీర్పు చెప్పాడు, "ఈ రోజు నుంచి రాజ్యంలో ప్రతి లొట్టి మెడకూ ముడులుండాలి. నీ లొట్లకు నువ్వే స్వయంగా వెయ్యి. మూడు గీతలవి ఇప్పుడే, ఇక్కడే పారబొయ్యి."

తర్వాత మైసయ్యను అడిగాడు, "ముడే ఎందుకయ్యా? ఒక సున్నం బొట్టు పెడితే సరిపోదూ?"

"బొట్టు చూసేవాళ్ళకే ప్రభూ. ముడి వేళ్ళకు కూడా తెలుస్తుంది."

"ఎవరి వేళ్ళకు?"

మైసయ్య సంత అంతా కలయజూశాడు. "ఇక్కడ లేడు ప్రభూ."

అలా మైసయ్య గెలిచాడు. కానీ గెలిచి ఇంటికి వచ్చిన మనిషికి ఎదురు రావడానికి ఎవరూ లేరు. ఇప్పుడు అన్ని పాకల్లోనూ ముడులున్నాయి. ఎవరికి దగ్గరైన పాకకు వాళ్ళు పోయారు. మైసయ్య దగ్గరికి ఆరుగురు తిరిగి వచ్చారు. వాళ్ళు తాగారు, లేచారు, వెళ్ళారు. ముందు వచ్చి, చివర లేచే మనిషి చోటు అలాగే ఉంది. మైసయ్య రోజూ ఆ చోటు ఊడ్చి, ఒక్క ముడి లొట్టి ఒకటి అక్కడ పెట్టేవాడు. తెల్లారి దానికి రెండో ముడి వేసేవాడు.

తొమ్మిది, పది, పదకొండు. చివరికి ఒక అమావాస్య నాడు, పొద్దున గీసి దిగాక, మోకుకు పన్నెండో ముడి పడింది.

ఆ సాయంత్రం మైసయ్య చెట్టెక్కలేదు. కొత్త మోకు కావాలంటే రాజలింగు గడప తొక్కాలి. ఆ గడప మీది గంజి గిన్నె గుర్తుకొచ్చి కాళ్ళు కదలలేదు. పాత మోకు ఒళ్ళో పెట్టుకుని చెట్టు మొదట్లో కూర్చుండిపోయాడు.

పొద్దు వాలుతుండగా బాట మీద కర్ర చప్పుడైంది.

మైసయ్య లేచి వెళ్ళేసరికి రాజలింగు పాకలోకి వచ్చాడు. వంగి, తన చోటు తడిమాడు. చేతికి లొట్టి తగిలింది. మెడ తడిమాడు.

"ఒకటి," అన్నాడు. వెనక వరసకు చెయ్యి చాపాడు. "రెండు." ఇంకా వెనక్కి తడిమాడు. అక్కడ ఏమీ లేదు.

"మూడోవి పారబోస్తానన్నా," అన్నాడు మైసయ్య.

"విన్నాను. ముడి ఇంత వదులుగా వేస్తారా ఎవరైనా? ఎనిమిది నెలలుగా వేస్తూ కూడా చెయ్యి తిరగలేదు నీకు." రాజలింగు భుజం మీది తాడు చుట్ట దించాడు. కొత్త మోకు. ఇంకా నార వాసన వస్తోంది. కొసన ఒక్క ముడీ లేదు. "ఈ రోజు పన్నెండో అమావాస్య. నేనూ లెక్క పెట్టుకుంటూనే ఉన్నాను మైసా."

మైసయ్య తాటాకు దొన్నె మడిచి ఆయన చేతికిచ్చాడు. రాజలింగు తన చోట కూర్చున్నాడు. ఆ సాయంత్రం ఆరుగురూ లేచి వెళ్ళిపోయాక కూడా ఆయన లేవలేదు.

పిల్లలూ, మన మేలు కోసం మనం పెట్టుకునే గుర్తు ఎదుటివాడి చేతికి కూడా అందేలా పెట్టడమే నిజాయితీ.