పోలినాయుడి ఇంటి రేకులు

మాఘ బహుళ విదియ, మంగళవారం, పొద్దున్న తొమ్మిది గంటల పది నిమిషాలు. మా మామగారు అప్పుడే జపం ముగించుకుని గోడ గడియారానికి కీ ఇస్తున్నారు. అందుకే ఆ వేళ నాకింత కచ్చితంగా గుర్తుంది.

పోలినాయుడు వచ్చాడు గాని అరుగెక్కలేదు. మెట్టు కిందే నిలబడి, భుజం మీది తువ్వాలు నేల మీద విప్పాడు. అందులో నల్లటి పెళ్లలు. బెల్లం అచ్చు పగలగొట్టినట్టున్నాయి.

"ఇదీ అతకలేదండి గురువు గారూ," అన్నాడు.

మా మామగారు గవరయ్య గారు మగ్గం నేసే మనిషి. చిన్నతనంలోనే గురుబోధ తీసుకున్నారు. తర్వాత తానూ పదిమందికి బోధ ఇచ్చారు. పీఠం లేదు, కాషాయం లేదు. గురువారం సాయంత్రం మగ్గం ముందు చాప పరిచి తత్వాలు పాడుకునేవారు, అంతే. పోలినాయుడు ఆరేళ్లుగా ఆ చాప మీద కూర్చున్నవాడు. రోడ్డు పనుల మేస్త్రి. గొంతు బాగుండేది కాదు గాని తాళం ఎప్పుడూ తప్పేవాడు కాదు. తుఫాను తర్వాత రావడం మానేశాడు.

ఆ తుఫాను సంగతి చెప్పాలి.

మా కాలనీలో అందరి ఇళ్లకీ అప్పట్లో తారు రేకులే. అట్టకి తారు పట్టించి మడతలు మడతలుగా చేసిన రేకులు. వాటిని దూలాల మీద పరిచి మడత మడతకీ ఒక మేకు కొట్టాలి. రోడ్డు పని లేని రోజుల్లో కాలనీలో సగం ఇళ్లకి పోలినాయుడే కప్పు వేశాడు. మా ఇంటికీ అతనే.

ఆశ్వయుజ మాసంలో ఒక మధ్యాహ్నం గాలి లేచింది. అతను ఊరి బయట తారు కలిపే ప్లాంటులో ఉన్నాడు. మా కప్పు నాలుగు చోట్ల చిరిగింది. చాలా ఇళ్లు అలాగే చిరిగాయి. పోలినాయుడి ఇంటి కప్పు మాత్రం మొత్తంగా లేచిపోయింది. పైన ఆచ్ఛాదన లేక మట్టిగోడ వానకి నాని, సాయంత్రానికి అతని భార్య సన్నమ్మ మీద పడింది.

గాలి ఆ మూల ఎక్కువ కొట్టిందనుకున్నాం అందరం.

తర్వాత ఊరంతా ఇనప రేకులు వేసుకున్నారు. పాతవన్నీ వీధి చివర గుట్టపడ్డాయి. కాల్చితే పొగ, పాతిపెడితే కుళ్లవు. అప్పుడు ప్లాంటు వాళ్లు, ఆ రేకుల్ని మరలో పొడి చేసి కొత్త తారులో కలిపి మా కాలనీకే రోడ్డు వేస్తామన్నారు. పని పోలినాయుడికి అప్పగించారు. కొత్తది ఇరవై గంపలైతే పాతది ఒక్క గంప వెయ్యాలట. పాత తారు ఎండకి ఎండి ఎండి జిగురు చచ్చిపోయి ఉంటుంది, ఎక్కువేస్తే రోడ్డు పెళుసెక్కి పగిలిపోతుంది. ఈ మాట పనివాళ్లందరికీ చెప్పింది అతనే.

పొడి చేసే ముందు మేకులు పీకాలి. ఒక్కటి మిగిలినా మర పళ్లు పోతాయి. ఆ పనికి కాలనీ ఆడవాళ్లం కూర్చున్నాం. సన్నమ్మ తల్లి ఎర్రమ్మ కూడా వచ్చింది. ఆవిడకి మరో దిక్కు లేదు, కూతురు పోయాక కూడా అల్లుడి దగ్గరే ఉండిపోయింది.

"ఓలమ్మ, ఈ మేకు సూడండే, మా ఆయన కన్నా మొండిది," అంది ఒకావిడ.

"ఆయన్నీ తోలుకొచ్చీయే. పొడి సేసి రోడ్డేసేద్దుము."

అందరం నవ్వాం. తుఫాను తర్వాత అదే మొదటిసారి అనుకుంటాను.

ఆ నవ్వు ఇంకా ఆగలేదు, ఎర్రమ్మ ఒక రేకుని ఎత్తి ఎండకేసి పట్టుకుంది.

"దీనికి మేకులు లేవేటే?"

"ఊడిపోయుంటాయిలే పిన్నీ."

"ఊడిపోతే బెజ్జాలుండవేటి?"

రేకు లోపలి వైపు సున్నం పూసి ఉంది. కప్పుకి లోపల సున్నం కొట్టుకున్నది కాలనీ మొత్తానికి సన్నమ్మ ఒక్కతే. ఇల్లు వెలుగ్గా ఉండాలని. ఆ రేకుకి మూడు మడతలకొక బెజ్జం ఉంది. ఎర్రమ్మ ఇంకొకటి తీసి చూసింది. ఇంకొకటి. అన్నీ అంతే.

పోలినాయుడు అయస్కాంతం పట్టుకుని అక్కడే ఉన్నాడు.

"మేకులు సాల్లేదత్తా," అన్నాడు. "ఊళ్లో ఇళ్లకి కొట్టేసరికి అయిపోనాయి. మనిల్లే కదా, తరవాత కొట్టుకుందుములే అనుకున్నాను."

"ఎప్పటి మాట?"

"నాలుగేళ్లు."

ఎర్రమ్మ ఆ రేకుని గుట్ట మీద పెట్టింది. చెయ్యి కొంగుకి తుడుచుకుంది. ఆ రోజు నుంచి అల్లుడితో ఒక్క మాట మాట్లాడలేదు. వండేది. కంచం పెట్టేది. రమ్మని పిలిచేది కాదు.

పోలినాయుడు తన ఇంటి రేకులన్నీ గుట్టలోంచి ఏరుకుని ఇంటికి పట్టుకుపోయాడు. సుత్తితో తానే నలగ్గొట్టాడు. పాత డ్రమ్ములో కరిగించి, తన గుమ్మం ముందు పన్నెండు అడుగుల మేర పరిచాడు. దిమ్మిసతో మూడు రోజులు గట్టిగా మోదాడు. ఎర్రమ్మ గుమ్మంలో కూర్చుని అంతా చూస్తూనే ఉందిట. వారం తిరక్కుండా ఆ పెళ్లలే తువ్వాల్లో కట్టుకుని మా ఇంటికి వచ్చాడు.

మామగారు ఒక పెళ్ల తీసి వేళ్లతో నలిపారు. పొడైపోయింది.

"కొత్త తారు ఎంత వేశావు?"

"సుక్క కూడా వెయ్యలేదండి. అంతా నా ఇంటిదే."

"మేస్త్రివి. నిలవదని తెలీదా?"

"తెలుసండి."

"మరి?"

పోలినాయుడు తల వంచుకున్నాడు. "నా పాపంలోకి ఇంకొకళ్ల తారు ఎందుకండి?"

మామగారు వేళ్లకంటిన పొడి దులుపుకున్నారు. అతనే మళ్లీ అందుకున్నాడు.

"నాకింక ఏ బోధా వొద్దు గురువు గారూ. ఇల్లొదిలి పోతాను, సెలవియ్యండి. ఆ ముసిల్ది కంచం పెడతంటే ముద్ద దిగటం లేదు. తిట్టినా బాగున్ను. ఒక్కసారి నోరారా తిట్టీమని మీరైనా సెప్పండి."

మామగారు లేచి పెరట్లోకి వెళ్లారు. గునపం, గంప పట్టుకుని వచ్చారు. అప్పటికి ఆయనకి డెబ్బై ఒకటి. మా అత్తగారు "ఈ వయసులో ఆ గునపం ఏంటండీ" అంటూనే ఉన్నారు, ఆయన మెట్లు దిగిపోయారు. తువ్వాల్లో పెళ్లలు గంపలో పోసుకుని పోలినాయుడి ఇంటికేసి నడిచారు. నాకు మనసాగక మజ్జిగ చెంబు పట్టుకుని వెనకే వెళ్లాను.

అక్కడ ఆ పన్నెండు అడుగులూ ఆయనే తవ్వారు. పోలినాయుడు గునపం అందుకోబోతే ఇవ్వలేదు. తవ్వడం అయ్యాక గొంతుక్కూర్చుని, చిన్న చిన్న పలుకులు కూడా వేళ్లతో ఏరి గంపలో వేశారు. ఎర్రమ్మ గుమ్మంలోంచి చూస్తోంది. ఆయన ఆవిడ వంక చూడలేదు, పలకరించలేదు. గంప నెత్తికెత్తుకుని ప్లాంటు దారి పట్టారు.

ఆ రోజే కాలనీ రోడ్డుకి తారు కలుపుతున్నారు. పొడి చేసిన పాత రేకులు మర పక్కన కుప్పగా పోసి ఉన్నాయి. మామగారు దాని మీద గంప వంచబోయారు. పోలినాయుడు రెండు చేతులతో గంప అంచు పట్టుకున్నాడు.

"వొద్దండి! ఇందులో దాని సెయ్యి ఉంది. దాని సున్నం ఉంది. ఇదీ కలిపేస్తే నాకింకేటి మిగుల్తాది?"

పనివాళ్లు చేతులాపి చూస్తున్నారు.

"మేకులు ఏరావా?" అన్నారు మామగారు.

పోలినాయుడు గంపలోకి చూశాడు.

"ఏరడానికి... లేవు కదండీ."

అతని చేతులు వాటంతటవే జారిపోయాయి. మామగారు గంప వంచారు. అడుగున అంటుకున్నది కూడా తట్టి దులిపారు. కుర్రాళ్లు పారతో ఎత్తి మరలో వేశారు.

మధ్యాహ్నం దాటాక లారీ తారు తెచ్చి మా వీధిలో పోసింది. రోలరు మూడుసార్లు వెళ్లి వచ్చింది. పోలినాయుడు పని చేయించలేదు, పని చెయ్యలేదు. కరెంటు స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. నేనిచ్చిన మజ్జిగ అతని పక్కనే ఉండిపోయింది.

పొద్దు వాలేవేళకి రోడ్డు చల్లారింది. మామగారు అతని రెక్క పట్టుకుని లేపి, రోడ్డు మొదట్లో నిలబెట్టారు.

"మీ ఇంటిది ఏది నాయుడూ?"

పోలినాయుడు వంగి చూసుకుంటూ నడిచాడు. అక్కడక్కడ కూర్చుని అరచేత్తో నిమిరాడు. ఒకచోట గోరుతో గీకి చూశాడు. వీధి చివరిదాకా వెళ్లి, అలాగే చూసుకుంటూ వెనక్కి వచ్చాడు. ఎక్కడ చూసినా నలుపే. సున్నం జాడ ఎక్కడా లేదు.

"తెలీటం లేదండి," అన్నాడు.

మామగారు కూడా ఆ రోడ్డు వంక చాలాసేపు చూశారు.

"నాకూ తెలీదు నాయనా," అన్నారు.



మర్నాడు పొద్దున్న ఆరింటికి వీధి చివర కుళాయి వచ్చింది. మామగారు, మా అత్తగారు, నేను బిందెలు పట్టుకుని బయటికి వచ్చాం. మాకంటే ముందే ఎర్రమ్మ వచ్చి కొత్త రోడ్డు అంచున ఆగిపోయి ఉంది. చంకలో బిందె. కాలు పెట్టడానికి చోటు వెతుకుతున్నట్టు అటూ ఇటూ చూసింది. ఒక కాలు ముందుకి పెట్టబోయి వెనక్కి తీసుకుంది. తర్వాత, పని మిగిలిన కంకర పోసి ఉన్న పక్క పల్లంలోకి దిగి, ఆ రాళ్ల మీంచే ఒట్టికాళ్లతో నడిచింది. పోలినాయుడు ఆవిడ వెనకే దిగాడు. బిందె ఇమ్మని అతను అడగలేదు. ఆవిడ వెనక్కి తిరగలేదు.

మామగారు ఒక క్షణం నిలబడ్డారు. ఆపైన ఆయనా రోడ్డు పక్కనుంచి కంకరలోకి దిగారు. ఆయన వెనక మా అత్తగారు, ఆవిడ వెనక నేను దిగాం. కుళాయి దాకా అలాగే వెళ్లి, నీళ్లు పట్టుకుని, నిండు బిందెలతో అలాగే తిరిగి వచ్చాం.